మా బడి పిల్లల రాగిపిండిని మా ఊరి మిల్లులోనే ఆడించండి

గౌరవనీయులైన చిత్తూరు, తిరుపతి జిల్లాల కలెక్టర్ గార్లకు,

నమస్కారం. పెనుమూరు, పాకాల మధ్య ఒక పల్లెలో నేను మిల్లు నడుపుతున్నాను. మిల్లు ముందర చిన్న అంగడి కూడా ఉంది. మీ ఇద్దరికీ కలిపి రాయడానికి కారణం ఉంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు జిల్లాల గీత మా మిల్లుకు కొద్ది దూరంలో పడింది. పొద్దున్నే రాగుల సంచి నెత్తిన పెట్టుకుని వచ్చేవాళ్లలో కొందరు ఈ జిల్లావాళ్లు, కొందరు ఆ జిల్లావాళ్లు.

అడగాల్సింది ముందే అడిగేస్తాను. బడుల్లో, అంగన్‌వాడీల్లో, హాస్టళ్లలో పిల్లలకు పోసే రాగిజావ కోసం కావాల్సిన పిండిని ఆయా మండలాల్లోని ఊరి మిల్లుల్లోనే ఆడించండి. రాగులు ఆ చుట్టుపక్కల రైతుల దగ్గరే కొనండి. నా కోరిక ఇంతే. ఇంత చిన్న విషయానికి ఇంత పెద్ద ఉత్తరం ఎందుకని మీకు అనిపించవచ్చు. ఊరి మిల్లు అంటే ఏమిటో దగ్గరగా చూసినవాళ్లు ఇప్పుడు ఆఫీసుల్లో తక్కువ. అందుకే కొంచెం వెనక్కి వెళ్లి చెబుతాను. ఓపిగ్గా చదవమని ప్రార్థన.

ఈ మిల్లు మా తాత పెట్టాడు. అప్పటికి మా ఊరికి కరెంటు లేదు. పాత క్రూడాయిల్ ఇంజన్ ఒకటి కొని, రైల్లో పాకాల జంక్షన్ దాకా తెప్పించి, అక్కడి నుంచి రెండు ఎద్దుల బండ్ల మీద ఊరికి చేర్చాడని నాయన చెప్పేవాడు. పొగ గొట్టం చివర ఒక రేకు డబ్బా తగిలించి ఉండేది. ఇంజన్ తిరిగితే ఆ డబ్బా కూత పెట్టేది. ఆ కూత మూడు ఊళ్లకు వినిపించేది. అది వినబడగానే ఆడవాళ్లు వడ్లు, రాగులు చేటల్లో చెరుక్కుని బయల్దేరేవాళ్లు. అంతకు ముందు తెల్లవారుజామున లేచి విసుర్రాయి తిప్పేవాళ్లట. మా అవ్వ అరచేతుల్లో ఆ కాయలు చివరిదాకా పోలేదు. తాత మిల్లు పెట్టాక ఊళ్లో ఆడవాళ్లకు రోజుకు రెండు గంటల నిద్ర పెరిగిందని ఆమె అనేది. మిల్లు గురించి నేను విన్న మాటల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

అప్పట్లో కూలి డబ్బుల్లో ఉండేది కాదు. ఆడించిన పిండిలోంచో, బియ్యంలోంచో ఒక కొలత మిల్లుకు తీసి ఇచ్చేవాళ్లు. అలా వచ్చిన పిండి మా ఇంట్లో సంగటికి సరిపోగా మిగిలింది అంగట్లో అమ్మేవాళ్లం. కొనుక్కునేది రాగులు పండించుకోలేని వాళ్లు, కయ్యలు (పొలాలు) లేనివాళ్లు.

మిల్లులో ఏదీ వృథా కాదు. వడ్లు హల్లర్లో, అంటే వడ్లు దంచే మిషన్లో, పోస్తే బియ్యం, నూకలు, తవుడు, ఊక వస్తాయి. బియ్యం అన్నానికి. నూకలు రాగి సంగటికి. రాగిపిండిలో నూకలు కలవకపోతే మా వైపు సంగటి ముద్ద కుదరదు. తవుడు ఆవులకు. ఊక ఇటుకల బట్టీకి, వంటపొయ్యికి. చెనిక్కాయలు (వేరుశనగ) వొలిస్తే వచ్చే పొట్టు కూడా పొయ్యిలోకే. నూనె తీశాక మిగిలిన చెక్క ఆవులకు, పొలానికి. మా రెండు జిల్లాల్లో వానలు నమ్ముకోలేని ఇళ్లను నిలబెట్టింది పాలు. ఆ పాల వెనక ఊరి మిల్లు తవుడు, ఊరి మిల్లు చెక్క ఉన్నాయని చెప్పడానికే ఇదంతా రాశాను. బియ్యం పెద్ద మిల్లుల నుంచి సంచుల్లో రావడం మొదలయ్యాక ఊళ్లోకి బియ్యం ఒక్కటే వచ్చింది. తవుడు రాలేదు. దాన్ని వేరుగా డబ్బు పెట్టి కొనుక్కోవాల్సి వచ్చింది.

హల్లర్ గురించి ఒక మాట ఒప్పుకోవాలి. వంద కిలోల వడ్లకు 67 కిలోల పచ్చిబియ్యం రావాలని ప్రభుత్వం లెక్క. హల్లర్లో అంత రాదు, బియ్యం ఎక్కువ విరుగుతుంది. దేశానికి బియ్యం చాలని రోజుల్లో ప్రభుత్వం దీని గురించి ఆందోళన పడడం న్యాయమే. 1958లో బియ్యం మిల్లుల నియంత్రణ చట్టం తెచ్చారు. మిల్లు పెట్టాలన్నా నడపాలన్నా పర్మిట్, లైసెన్సు ఉండాలన్నారు. 1997లో ఆ చట్టాన్ని రద్దు చేసేదాకా మా నాయన జీవితంలో పెద్ద భాగం లైసెన్సు రెన్యువల్ కాగితాల వెంట తిరగడంలోనే పోయింది. రద్దయ్యేనాటికి వడ్లు ఆడించుకునేవాళ్లే తగ్గిపోయారు. మా హల్లర్ ఇప్పుడు గోనె పట్ట కింద ఉంది. దాన్ని పాత ఇనుముకు వేయడానికి మనసు రాలేదు.

నూనె సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

మా జిల్లాలో ఒకప్పుడు ఖరీఫ్ అంటే చెనిక్కాయే. జూన్, జూలైలో వాన పడితే విత్తేవాళ్లు, కార్తీకంలో పీకేవాళ్లు. మార్గశిరం నుంచి మా మిల్లులో పగలూ రాత్రీ తేడా ఉండేది కాదు. కాయలు వొలిచే మిషన్ దగ్గర నలుగురు, గింజలు ఏరడానికి పదిమంది ఆడవాళ్లు, ఎక్స్‌పెల్లర్ (నూనె తీసే మిషన్) దగ్గర ఇద్దరు. ఏరడమంటే ఊరికే రాళ్లు తీయడం కాదు. బూజు పట్టిన గింజ, ముడుచుకుపోయిన గింజ, నల్లబడిన గింజ నూనెలోకి పోకూడదు. ఆ బూజులో విషం ఉంటుందని, దాన్ని అఫ్లటాక్సిన్ అంటారని నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. మా అవ్వకు ఆ పేరు తెలియదు, కానీ చేదు గింజ ఒక్కటి కనిపించినా చేట మళ్లీ చెరగమనేది.

వంద కిలోల కాయలు వొలిస్తే డెబ్బై కిలోల దాకా గింజలు. వాటిని గానుగ ఆడిస్తే ఇరవై ఎనిమిది కిలోల దగ్గర నూనె, నలభై కిలోల దగ్గర చెక్క. నూనె వేడిగా దిగుతుంది. డ్రమ్ములో రెండు రోజులు కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు చేరి, పైన నూనె తేరుకుంటుంది. ఆ రెండు రోజులు ఆగలేని వ్యాపారి మంచి నూనె ఇవ్వలేడు. ఇప్పుడు ‘గానుగ నూనె’ అని తిరుపతిలో, చిత్తూరులో బోర్డులు పెట్టి అమ్ముతుంటే సంతోషంగా ఉంది. ఆ పేరు మళ్లీ జనం నోట్లోకి వచ్చింది.

ఆ నూనె ఊళ్లలో ఎందుకు తగ్గిపోయిందో అందరికీ తెలిసిందే. 1994లో పామాయిల్ దిగుమతికి తలుపులు తెరిచారు. దానికి ముందు 1986లో నూనెగింజల మిషన్ పెట్టి రైతును చెనిక్కాయ వేయమన్నది కూడా ప్రభుత్వమే. రెండూ అవసరాన్ని చూసి చేసినవే కావచ్చు. కానీ మధ్యలో మా నాయన లాంటివాళ్లు నిలబడ్డారు. రైతు దగ్గర కాయలు కొని గోడౌనులో పెట్టుకున్నాక నూనె ధర పడిపోతే ఆ నష్టం ఎవరికీ చెప్పుకోలేం. ఇప్పటికీ అంతే. 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్ లాంటి వాటి మీద దిగుమతి సుంకం పెంచారు, 2025 మే చివర్లో తగ్గించారు. ఆ రెండు తేదీల మధ్య కాయలు కొన్న చిన్న మిల్లువాడి పరిస్థితి ఢిల్లీలో ఎవరి లెక్కలోనూ లేదు.

2025-26కు చెనిక్కాయ మద్దతు ధర క్వింటాలు 7,263 రూపాయలు. రైతుకు అది అందాలి, అందులో సందేహం లేదు. ఆ ధరకు కొని, నలభై కిలోల చెక్కను కిలో 40 రూపాయలకు అమ్మినా, కరెంటూ కూలీ కలపక ముందే కిలో నూనె 200 రూపాయలు దాటుతుంది. పక్కనే దానికంటే చాలా తక్కువకు పామాయిల్ ప్యాకెట్ ఉంటుంది. కూలికి వెళ్లే అమ్మ ఏది తీసుకుంటుంది? ఆమెను నేను తప్పు పట్టను. నా అంగట్లో ఆ ప్యాకెట్ నేనూ అమ్ముతున్నాను.

ఇప్పుడు మా మిల్లుకు నూనె కోసం వచ్చేవాళ్లు తమ చేలో పండిన కాయలు తెచ్చుకుని, తమ క్యాన్‌లో తమ నూనె పట్టుకుపోయేవాళ్లే. సీజన్‌లో నలభై, యాభై ఇళ్లు. వాళ్ల నూనెలో ఇంకొకరి నూనె కలవకూడదని ఒక్కొక్కరి గింజలు పోసేముందు మిషన్ ఖాళీగా తిప్పుతాం. ఇక్కడొక చిక్కు ఉంది. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కల్తీ చేసి అమ్మితే అరవై మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత వంటనూనెను విడిగా అమ్మకూడదు, ప్యాక్ చేసి లేబుల్ వేసే అమ్మాలనే ఆర్డర్ వచ్చింది. మంచి కోసం వచ్చిన నిబంధన అది. దాన్ని ఎత్తేయమని నేను అడగను. కానీ రైతు కాయలు రైతుకే నూనె చేసి ఇవ్వడం అమ్మకం కాదు కదా. తనిఖీకి వచ్చినప్పుడు ఈ తేడా మేము వివరించాల్సి వస్తోంది. అర్థం చేసుకునేవాళ్లు ఉన్నారు, చేసుకోనివాళ్లూ ఉన్నారు.

నాలుగేళ్ల కిందట సంక్రాంతి ముందు ఒక అధికారి వచ్చారు. మిల్లులో గోడ పక్కన పద్నాలుగు చిన్న సంచుల బియ్యం ఉన్నాయి. అరిసెలకు, దోసెలకు పిండి ఆడించుకోవడానికి ఊళ్లో ఆడవాళ్లు పెట్టి వెళ్లినవి. కొన్ని రేషన్ బియ్యమే, దాచడానికి ఏముంది? కార్డు మీద తెచ్చుకున్న బియ్యాన్ని పిండి ఆడించుకుని తినడం నేరం కాదు. ఆయన మాత్రం రేషన్ బియ్యం కొని నిల్వ పెట్టానన్నారు. సంచులు ఫొటోలు తీశారు. మిల్లు ఆపించారు. సాయంత్రం దాకా నన్ను నిలబెట్టే మాట్లాడారు. కబురు తెలిసి ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ‘ఈ సంచి నాది సార్, ఇదిగో నా చీరపీలికతో కట్టిన ముడి’ అని చూపించారు. చివరకు కేసు లేకుండానే వెళ్లిపోయారు. తర్వాత రెండు నెలలు ఒక్కరూ బియ్యం తేలేదు. నా మీద అనుమానంతో కాదు, వాళ్లకు భయం వేసి.

రేషన్ బియ్యాన్ని లారీల్లో తరలించేవాళ్లు, పాలిష్ పట్టి తిరిగి అమ్మేవాళ్లు ఉన్నారు. వాళ్లను పట్టుకోండి, జైల్లో పెట్టండి. పేదవాళ్ల నోటి దగ్గర కూడు అది. నేను అడిగేది ఒక్కటే, పది కిలోల సంచికి పిండి ఆడించి ఇచ్చే మిల్లును, వందల టన్నులు మర పట్టే మిల్లును ఒకే చూపుతో చూడకండి.

నేను వ్యాపారిని కూడా కాబట్టి మా వైపు తప్పులు చెప్పకుండా మా బాధలే చెబితే ఈ ఉత్తరానికి విలువ ఉండదు. పల్లెలో అంగడి అంటే అప్పు. విత్తనాలకు, ఎరువుకు, పెళ్లికి, ఆస్పత్రికి రైతు మొదట వచ్చేది అంగడాయన దగ్గరికే. కాయలు ఇంటికి రాగానే అప్పు ఇచ్చిన అంగడికే తోలాలి, అతను చెప్పిన ధరకే ఇవ్వాలి. మూటకు ఇంత అని తరుగు తీసేవాళ్లు. మట్టి, తేమ పేరు చెప్పి తీసిన తరుగులో నిజమైన మట్టి ఎంతో, తేమ ఎంతో తీసినవాడికే తెలియాలి. మా తాత కూడా తరుగు తీశాడు. ఊళ్లో పెద్దవాళ్లు ఇద్దరు ముగ్గురు అది నా ముఖం మీదే చెప్పారు, నేను తల వంచుకుని విన్నాను. నాయన కాలంలో అది ఆపేశాం. కాటా గుమ్మం ముందుకు తెచ్చి పెట్టాం, రైతే చూసుకుంటాడు.

అయితే 2002 లాంటి కరువు సంవత్సరాల్లో పద్దు పుస్తకంలో రాసిన బాకీ రాసినట్టే ఉండిపోయింది. ఉగాదికి కొత్త పుస్తకానికి పసుపు కుంకుమ పెట్టి, పాత పుస్తకంలో బాకీలు ఎత్తి రాస్తుంటే నాయన కొన్ని పేర్ల దగ్గర ఆగి, రాయకుండా పేజీ తిప్పేసేవాడు. ఎందుకని నేను ఎప్పుడూ అడగలేదు. ఆ కాగితాలు ఇంకా నా దగ్గర ఉన్నాయి. ఇప్పుడు అప్పుకు మైక్రోఫైనాన్స్ వాళ్లు ఉన్నారు, సరుకులకు టౌనులో సూపర్ మార్కెట్ ఉంది, డబ్బుకు ఫోన్ ఉంది. అంగడి మీద ఆధారపడాల్సిన అవసరం రైతుకు తగ్గడం మంచిదే. ఆ పాత రోజులు మళ్లీ రావాలని నేను కోరుకోవడం లేదు.

కానీ మిల్లు సంగతి వేరు. అంగడి లేకపోతే ఇంకో అంగడి ఉంటుంది. మిల్లు మూతబడితే ఆ ఊరి రాగులు ఆడించుకోవడానికి చోటు ఉండదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఇది నాకు బాగా తెలిసింది. బస్సులు లేవు, టౌను దారి మూసేశారు. పది రోజులు తిరగకుండానే జనం అటకల మీద ఉన్న రాగులు, అలసందలు, మిరపకాయలు దించి మిల్లుకు తెచ్చారు. చాలా ఏళ్లుగా మా గుమ్మం తొక్కనివాళ్లు వచ్చారు. బెంగళూరు నుంచి, చెన్నై నుంచి తిరిగొచ్చిన పిల్లలు మిల్లు ఎలా తిరుగుతుందో చూస్తూ గంటలు నిలబడ్డారు. రాత్రి ఎనిమిది దాకా ఆడించాం. ఆ రెండు నెలలు మా మిల్లు లేకపోతే ఏమయ్యేదని ఒక అవ్వ అడిగింది. ‘నాయనా, నువ్వు దీన్ని మూయొద్దు’ అంది. ఆమె ఇప్పుడు లేదు. నేను మూయలేదు.

చుట్టుపక్కల చాలామంది మూసేశారు. నాకు తెలిసిన తొమ్మిది మిల్లుల్లో ఇప్పుడు తిరుగుతున్నవి మూడు. ప్రతివాడిదీ దాదాపు ఒకే కథ. పని సీజన్‌లోనే ఉంటుంది, మోటారు తిరిగినా తిరగకపోయినా ఫిక్స్‌డ్ చార్జీ నెలనెలా కట్టాలి. పిండి విసిరే రాళ్లకు కక్కు (గాట్లు) కొట్టేవాళ్లు దొరకరు. మా మిల్లుకు రాయి పని చేసే మనిషి దామలచెరువు అవతల నుంచి వస్తాడు, ఆయనకు డెబ్బై ఏళ్లు. రాయికి సరిగా కక్కు లేకపోతే పిండి వేడెక్కుతుంది, మాడు వాసన వస్తుంది. అలాంటి పిండితో సంగటి చేస్తే ఇంట్లో ఎవరూ రెండో ముద్ద అడగరు. కొడుకులు ఉద్యోగాలకు వెళ్లిపోయాక ఈ టెన్షన్ పడే ఓపిక పెద్దవాళ్లకు లేదు.

కరెంటు రేట్లు మీ చేతిలో లేవని నాకు తెలుసు, అందుకే దాని మీద అర్జీ పెట్టడం లేదు. మీ చేతిలో ఉన్నదే అడుగుతున్నాను.

బడుల్లో వారానికి మూడు రోజులు రాగిజావ, మిగతా రోజుల్లో వేరుశనగ చిక్కి అని పెట్టారు. ఈ ఆలోచన చేసినవాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలి. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ఎదిగే పిల్లలకు అంతకన్నా ఏం కావాలి? పైగా రాగులు, చెనిక్కాయలు, బెల్లం మూడూ మన మట్టిలో పండేవే. చిత్తూరు బెల్లం మండీ పేరు తెలియని వ్యాపారి దక్షిణాదిలో లేడు. తిరుపతి వ్యవసాయ పరిశోధన స్థానం ధరణి, నారాయణి లాంటి చెనిక్కాయ రకాలు ఇచ్చింది. పక్కనే పెరుమాళ్లపల్లెలో రాగుల మీద ఏళ్ల తరబడి పని చేసి వకుళ లాంటి రకాలు తీశారు. విత్తనం ఇక్కడే పుట్టింది, పండించే రైతు ఇక్కడే ఉన్నాడు, తాగే బిడ్డ ఇక్కడే ఉంది. మధ్యలో ఆడించే పని కూడా ఇక్కడే జరగాలని అడగడం ఎక్కువ కాదనుకుంటున్నాను.

లెక్క వేసి చూపిస్తాను. ఒక మండలంలో మూడు వేల మంది పిల్లలు, ఒక్కొక్కరికి రోజుకు పది గ్రాముల పిండి అనుకుందాం. రోజుకు ముప్పై కిలోలు, వారానికి తొంభై కిలోలు. మా మిల్లుకు అది రెండు గంటల పని కూడా కాదు. కిలోకు ఆరు రూపాయలు ఆడింపు కూలి ఇచ్చినా వారానికి 540 రూపాయలు. దీంతో నేను ధనవంతుణ్ని కాను. కానీ నెలకు రెండు వేల పైన ఒక నికరమైన రాబడి ఉంటే ఫిక్స్‌డ్ చార్జీ తీరిపోతుంది, మిల్లు ఏడాది పొడవునా తిరుగుతుంది. ఏడాదిలో ముప్పై అయిదు వారాలకు ముప్పై ఒకటిన్నర క్వింటాళ్ల రాగులు కావాలి. ఎకరాకు ఎనిమిది క్వింటాళ్లనుకుంటే నాలుగెకరాల పంట. అంగన్‌వాడీలు, హాస్టళ్లు కలిస్తే ఇంకొంత. ఇంత చిన్న పరిమాణం కాబట్టే పెద్ద కంపెనీకి ఇది పట్టదు, ఇంత చిన్న పరిమాణం కాబట్టే మాకు చేతనవుతుంది.

రాగులకు 2025-26లో మద్దతు ధర క్వింటాలు 4,886 రూపాయలు. ధర కాగితం మీద బాగానే ఉంది. రెండు మూటలు, మూడు మూటలు పండించిన రైతు దాన్ని ఎక్కడికి తోలుకుపోయి అమ్ముకోవాలి? బాడుగకే సగం పోతుంది. రైతు సేవా కేంద్రంలో ఆ రెండు మూటలు తూకం వేసుకుని, మండలంలోని మిల్లుకు పంపి, పిండిని బడికి చేరిస్తే మద్దతు ధర ఆ చిన్న రైతు దాకా వస్తుంది. ధర వస్తుందని తెలిస్తే మామిడి చెట్ల మధ్య బీడు పడిన జాగాలో రాగులు చల్లేవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. నాతో చెప్పారు కూడా.

ఇంకో సంగతి, పిండి పాతబడడం. రాగులు గింజగా ఉంటే ఏళ్లు ఆగుతాయి, మా ఇళ్లలో రెండేళ్ల నాటి రాగులు వండుకు తింటాం. పిండి చేశాక అలా ఆగదు. వారాలు గడిచేకొద్దీ కమ్మదనం పోయి, చేదు వస్తుంది, పురుగు పడుతుంది. ఎక్కడో ఆడించి, సంచుల్లో నింపి, గోడౌన్లు దాటి వచ్చేసరికి ఎన్ని రోజులవుతుందో పిల్లల నాలుకకు తెలుస్తుంది. మా దగ్గర సోమవారం ఆడిస్తే మంగళవారం జావ కాచుకోవచ్చు. గంగజాతరకు అంబలి పోసేటప్పుడు అప్పుడే ఆడించిన పిండి కావాలని మా ఆడవాళ్లు పట్టుబడతారు. అమ్మవారికి ఏది కావాలంటామో బిడ్డలకూ అదే పెడదాం.

మీ అధికారులు అడగబోయే ప్రశ్నలు నేనూ ఆలోచించాను. శుభ్రత సంగతి ఏమిటంటారు. నిజమే, ఇప్పుడున్న స్థితిలో మా మిల్లుల్లో చాలా వాటికి రాళ్లు, మట్టి వేరు చేసే మిషన్ లేదు, జల్లెడలతోనే నెట్టుకొస్తున్నాం. రాగుల్లో రాగి గింజంత రాయి ఉంటే జల్లెడ పట్టుకోదు, పిల్లల పంటి కింద పడుతుంది. కాబట్టి ఆ మిషన్ లేని మిల్లుకు పని ఇవ్వకండి. కానీ కొనుక్కోవడానికి సాయం చేయండి. చిన్న ఆహార పరిశ్రమల కోసం కేంద్రం 2020లో తెచ్చిన పథకంలో పెట్టుబడి మీద 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ పెట్టారు. జిల్లా కమిటీకి మీరే అధ్యక్షులు. ఆ దరఖాస్తు నింపడానికి ప్రాజెక్టు రిపోర్టు కావాలి, కొటేషన్లు కావాలి, బ్యాంకు మేనేజరును ఒప్పించాలి. అరవై దాటిన మిల్లువాడు ఇది ఒంటరిగా చేయలేడు. ప్రతి మండలంలో ఒక రోజు క్యాంపు పెట్టి, పరిశ్రమల శాఖ వాళ్లను, ఆహార భద్రత వాళ్లను, బ్యాంకు వాళ్లను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టండి. రిజిస్ట్రేషన్ లేని మిల్లులకు అదే రోజు చేయించండి. మేము తప్పించుకోవాలనుకోవడం లేదు, దారి చూపిస్తే నడుస్తాం.

లెక్కల్లో మోసం జరిగితే ఎలా అంటారు. రాగులు తూకం వేసి ఇవ్వండి, పిండి తూకం వేసి తీసుకోండి. దుమ్ము, తేమ కింద నూటికి ఒకటి రెండు కిలోలకు మించి తగ్గితే నన్ను అడగండి. పుస్తకంలో హెడ్మాస్టర్ సంతకం, నా సంతకం ఉంటాయి. నెలకోసారి శాంపిల్ తీసి ల్యాబుకు పంపండి. తేడా వస్తే ఆ మిల్లును ఆపేయండి. మా తాత తరుగు సంగతి నేనే పైన రాశాను కదా, కాటా అందరి కళ్ల ముందు ఉండాల్సిందేనని ఆ అనుభవంతోనే అంటున్నాను.

ప్రభుత్వం తలుచుకుంటే కదలగలదని మేము చూశాం. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయినప్పుడు కిలోకు 12 రూపాయలని నిర్ణయించి, అందులో 4 రూపాయలు ప్రభుత్వమే ఇస్తానంది. గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడిన ఆ సీజన్‌లో జిల్లా యంత్రాంగం రాత్రింబవళ్లు పని చేసింది. మరోవైపు చిత్తూరు సహకార చక్కెర ఫ్యాక్టరీ, గాజులమండ్యం చక్కెర ఫ్యాక్టరీ మూతబడి, ఇంకా తెరుచుకోలేదు. వాటి చుట్టూ చెరకు వేసినవాళ్లు బెల్లం గానుగల మీదే ఆధారపడ్డారు, కొందరు చెరకే మానేశారు. పెద్ద ఫ్యాక్టరీ మూతబడితే పేపర్లో వస్తుంది. ఊరి మిల్లు మూతబడితే తలుపుకు తాళం పడుతుంది, అంతే. పక్క ఊళ్లో ఒక మిల్లు షెడ్డును ఇప్పుడు పెళ్లిళ్ల షామియానా సామాను పెట్టుకోవడానికి బాడుగకు ఇచ్చారు. లోపల రాళ్లు ఇంకా అలాగే ఉన్నాయి. వాటికి కక్కు కొట్టించి మోటారు బిగిస్తే వారంలో తిరుగుతుంది. ఆ యజమాని నాతో అన్నాడు, ‘నికరంగా పని ఉంటుందంటే నేను రేపే తెరుస్తా’ అని.

అన్ని మండలాల్లో ఒకేసారి చేయమని అడగను. పెనుమూరులో ఒకటి, పాకాలలో ఒకటి, ఇంకా రాగులు బాగా పండే కుప్పం, పలమనేరు వైపు రెండు మిల్లులు ఎంచుకుని, బడులు తెరిచే జూన్ నుంచి దసరా సెలవుల దాకా నడిపి చూడండి. ఖర్చు ఎంతయిందో, పిండి ఎలా ఉందో, పిల్లలు గ్లాసు ఖాళీ చేస్తున్నారో లేదో టీచర్లనే అడగండి. మొదటి నెల ఆడింపు కూలి నాకు వద్దు. ఇది దానంగా అనడం లేదు, రాయి కుదురుకోవడానికి, జల్లెడలు సరిచూసుకోవడానికి నాకూ ఒక నెల కావాలి.

మీరో, మీ తరఫున ఎవరో ఒకసారి వచ్చి చూడండి. మిల్లు ఉదయం ఆరున్నరకు తెరుస్తాను. శుక్రవారం రాయి కడిగే పని ఉంటుంది, మిగతా అన్ని రోజులూ తిరుగుతుంది. వచ్చేటప్పుడు ఏ బడి నుంచైనా ఐదు కిలోల రాగులు తెప్పించండి. మీ ముందే ఆడించి, మీ ముందే తూచి ఇస్తాను, ఆ రోజు ఆ బడిలో జావ ఆ పిండితోనే కాయించండి.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక పల్లె మిల్లు యజమాని